మెట్ట నేల రాళ్లు, మన ఊపిరి కండరం

స్కాన్ అనగానే మనకు గుర్తొచ్చేది గర్భిణులు, లేకపోతే కిడ్నీలో రాళ్లు. అదే మిషన్‌తో, అదే జెల్ పూసి, మనిషి ఊపిరి పీల్చినప్పుడు లోపలి కండరం ఎన్ని సెంటీమీటర్లు కదిలిందో కూడా కొలవచ్చు. ఛాతీకీ పొట్టకీ నడుమ అడ్డంగా పరుచుకున్న ఆ కండరాన్ని బడిపుస్తకాల్లో ఉదరవితానం అని చదువుకున్నాం, డాక్టర్లు డయాఫ్రం అంటారు. దాని సంగతులు కొన్ని, దాన్ని కొలిచే తీరు కొంత, ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట ప్రాంతానికి దానితో ఉన్న చుట్టరికం కొంత ఇక్కడ చెప్పుకుందాం. తెలుగునేల మీద ఆత్మకూరులు చాలానే ఉన్నాయి. ఇది నెల్లూరు జిల్లా ఆత్మకూరు.

రోజుకు 778 మీటర్లు

మనిషి రోజుకు 21,600 సార్లు ఊపిరి తీస్తాడని పాతకాలపు యోగుల లెక్క. 24 గంటలకు పంచితే నిమిషానికి సరిగ్గా 15. ఇప్పటి వైద్యులు పెద్దవారికి చెప్పే 12 నుంచి 20 అనే హద్దుల్లోనే ఉంది. వాచీలు లేని రోజుల్లో వేసిన లెక్కకు ఇంత గురి కుదరడం ముచ్చటే.

2009లో ఫ్రాన్స్‌లో బూసుజ్ అనే డాక్టరు, ఆయన బృందం ఆరోగ్యంగా ఉన్న 210 మందికి స్కాన్ చేసి డయాఫ్రం కదలికను కొలిచారు. మామూలుగా ఊపిరి తీసినప్పుడు మగవారిలో కుడివైపు సగటున 1.8 సెంటీమీటర్లు, ఆడవారిలో 1.6 సెంటీమీటర్లు కిందికి దిగింది. గట్టిగా ముక్కుతో ఎగబీల్చినప్పుడు 2.9, 2.6. గుండెల నిండా పీల్చినప్పుడు 7, 5.7.

ఇప్పుడు 21,600ని 1.8తో హెచ్చవేసి, దిగడం ఎక్కడం రెండూ కలపండి. రోజుకు 778 మీటర్లు వస్తుంది. ఉదయగిరి దుర్గం ఎత్తు సముద్రమట్టానికి 3,079 అడుగులు, అంటే దాదాపు 938 మీటర్లు. మనం మంచం దిగకపోయినా 29 గంటల్లో ఆ కండరం దుర్గం ఎత్తంత దూరం తిరిగేస్తుంది. అదే దుర్గాన్ని 1513లో ముట్టడించిన శ్రీకృష్ణదేవరాయలు గజపతుల చేతినుంచి లాక్కోవడానికి ఏడాదిన్నర కాచుకోవాల్సి వచ్చింది.

బోర్లించిన గరిటె

డయాఫ్రం ఆకారం చెప్పాలంటే ఉదయగిరి చెక్క గరిటెను బోర్లించి చూపిస్తే చాలు. (భౌగోళిక గుర్తింపు పొందిన చెక్క గరిటెలు, చెంచాలు ఆ ఊరివి. దుర్గం చూడబోయినవాళ్లు ఒకటైనా కొనకుండా రావడం అన్యాయం.) గుంట వీపు పైకి ఉబ్బి ఊపిరితిత్తులను మోస్తుంటుంది. పీల్చినప్పుడు ఆ ఉబ్బు చదునవుతూ దిగుతుంది, పైన చోటు పెరిగి గాలి లోపలికి వస్తుంది. వదిలినప్పుడు కండరం సడలి తన చోటికి తాను వెళ్లిపోతుంది. ప్రశాంతంగా ఉన్నప్పుడు మనం పీల్చే గాలిలో సగానికి బాగా మించిన వాటా ఈ ఒక్క కండరం తెచ్చిపెట్టేదే.

దీనికి నరం మెడ నుంచి వస్తుంది. మెడ వెన్నుపూసల దగ్గర 3, 4, 5 నరాల నుంచి పుట్టి, గుండె పక్కగా కిందికి దిగి డయాఫ్రంను చేరుతుంది. పొట్ట పైన ఉండే కండరానికి అంత దూరం నుంచి నరం ఎందుకంటే, పిండంలో అది మొదలయ్యేది మెడ ప్రాంతంలోనే. శరీరం పెరిగేకొద్దీ అది కిందికి జారింది, నరం కూడా వెంట సాగింది. కాలేయంలో చీముగడ్డ ఉన్నవాళ్లు కుడి భుజం నొప్పి అంటూ రావడానికి కారణం ఇదే. నొప్పి డయాఫ్రంది, మెదడు దాన్ని భుజానికి అంటగడుతుంది.

పలుగురాయి పలికిన వేళ

ఉదయగిరి, ఆత్మకూరు వైపు చేలగట్ల మీద, గుట్టల వాలులో తెల్లటి పలుగురాళ్లు కనిపిస్తూనే ఉంటాయి. దుక్కిలో అడ్డం పడే రాయి, ఏరి పారేసే రాయి. దాని అసలు పదార్థం క్వార్ట్జ్. స్కాన్ మిషన్ వంశవృక్షంలో మొదటి పేరు అదే.

1880లో పారిస్‌లో జాక్ క్యూరీ, పియరీ క్యూరీ అనే అన్నదమ్ములు క్వార్ట్జ్ వంటి స్ఫటికాలను నొక్కితే వాటి ముఖాల మీద విద్యుదావేశం పుడుతుందని కనిపెట్టారు. మరుసటి ఏడాది దానికి తిరగేసిన సంగతి కూడా తేలింది: విద్యుత్తు ఇస్తే స్ఫటికం సన్నగా అదురుతుంది. పియరీ క్యూరీ శిష్యుడు పాల్ లాంజెవాన్ మొదటి ప్రపంచయుద్ధ కాలంలో క్వార్ట్జ్ పలకలను ఉక్కు రేకుల మధ్య బిగించి, మనిషి చెవికి అందనంత హెచ్చు స్థాయి శబ్దాన్ని నీళ్లలోకి పంపాడు. జలాంతర్గామికి తగిలి తిరిగొచ్చిన ప్రతిధ్వనిని పట్టుకోవడం అప్పటి అవసరం.

అక్కణ్ణించి మనిషి పొట్ట మీదికి రావడానికి ఇంకో నలభై ఏళ్లు పట్టింది. గ్లాస్గోలో ఇయాన్ డోనాల్డ్ అనే ప్రసూతి వైద్యుడు 1955లో తాను ఆపరేషన్ చేసి తీసిన గడ్డలను కారులో వేసుకుని ఒక బాయిలర్ల కర్మాగారానికి తీసుకెళ్లాడు. అక్కడ ఇనుములో పగుళ్లు వెతికే అల్ట్రాసౌండ్ పరికరం ఉంది. గడ్డల్లో నీటి తిత్తి ఏదో, గట్టి కండ ఏదో అది తేడా చూపించింది. 1958లో లాన్సెట్ పత్రికలో ఆయన, జాన్ మెక్‌వికార్, ఇంజనీరు టామ్ బ్రౌన్ కలిసి రాసిన వ్యాసంతో స్కానింగ్ వైద్యంలోకి అడుగుపెట్టింది.

ఇప్పటి ప్రోబుల్లో క్వార్ట్జ్‌కి బదులు ఎక్కువగా సీసం, జిర్కోనియం, టైటానియం కలిసిన పింగాణీ పదార్థం వాడుతున్నారు. చేలో దొరికిన పలుగురాయి పట్టుకెళ్తే ఎవరూ ప్రోబ్ చేసిపెట్టరు కూడా. మచ్చలేని ఒకే స్ఫటికమై ఉండాలి, దాన్ని ఫలానా దిశలోనే కోయాలి. అయినా ఏరి పారేసిన రాయి చుట్టమే స్కాన్ గదిలో కూర్చుందని తెలిస్తే పలుగుల చేను రైతుకు కాస్త ఊరట.

కుడివైపే ఎందుకు

అల్ట్రాసౌండ్‌కు గాలి శత్రువు. గాలి తగిలితే ధ్వని ముందుకు పోదు. అందుకే చర్మానికీ ప్రోబుకీ మధ్య గాలి లేకుండా జెల్ పూస్తారు, అందుకే ఊపిరితిత్తుల లోపలి భాగం స్కాన్‌లో సరిగా కనబడదు. మరి గాలి సంచుల కిందున్న డయాఫ్రం ఎలా కనబడుతుంది? కుడిపక్క దాని కింద కాలేయం ఉంది. గాలి లేని నిండైన అవయవం కనుక ధ్వని సాఫీగా లోపలికి వెళ్తుంది. పక్కటెముకల కింది అంచున ప్రోబ్ పెట్టి తలవైపు వంచితే, కాలేయం వెనకాల డయాఫ్రం తెల్లటి వంపుగీతగా దొరుకుతుంది.

తర్వాత డాక్టరు ఎం-మోడ్ అనే బటన్ నొక్కుతాడు. అప్పుడు తెరమీద బొమ్మకు బదులు ఒకే గీత వెంబడి జరిగే కదలిక, కాలం గడిచేకొద్దీ పక్కకు సాగుతూ కనిపిస్తుంది. ఊపిరి పీల్చినప్పుడల్లా తెల్లగీత అలలా లేస్తుంది. అల అడుగు నుంచి కొన దాకా కొలిస్తే అదే కదలిక. ఈ ఎం-మోడ్ మొదట గుండె కోసం పుట్టింది. స్వీడన్‌లోని లుండ్‌లో ఇంగే ఎడ్లర్, హెల్ముట్ హెర్ట్జ్ 1953లో దాన్ని మొదలుపెట్టారు.

ఎడమపక్క కథ వేరు. అక్కడ జీర్ణాశయం, అందులో గాలి. చిన్నపాటి ప్లీహమే కిటికీ. భోంచేసి, పైన సోడా కూడా తాగి వచ్చినవాడి ఎడమ డయాఫ్రంను పట్టుకోవడానికి డాక్టరు ప్రోబ్‌ను ఎన్ని వంకర్లు తిప్పాలో!

ధ్వని మెత్తని కండలో సెకనుకు సుమారు 1,540 మీటర్లు పోతుందని స్కాన్ మిషన్లన్నీ నమ్ముతాయి. పది సెంటీమీటర్ల లోతుకు వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం సెకనులో దాదాపు ఏడున్నర వేలవ వంతు.

రెండు మిల్లీమీటర్ల కండ

కదలిక ఒక కొలత. మందం ఇంకొకటి. చంకకు సూటిగా కింద, 8, 9, 10 పక్కటెముకల సందుల్లో డయాఫ్రం ఛాతీ గోడకు అతుక్కుని ఉంటుంది. హెచ్చు ఫ్రీక్వెన్సీ ప్రోబ్ అక్కడ పెడితే రెండు తెల్లటి గీతలు, వాటి నడుమ నల్లటి పట్టీ కనిపిస్తాయి. ఆ నల్లపట్టీయే కండరం. ఊపిరి వదిలాక దాని మందం చాలామందిలో రెండు మిల్లీమీటర్ల అటూఇటూ. పీల్చినప్పుడు బిగుసుకుని మందమవుతుంది. రెండు మిల్లీమీటర్లది మూడైతే, యాభై శాతం పెరిగిందని రాస్తారు. 1997లో గాట్స్‌మన్, మెకూల్ అనే అమెరికన్ డాక్టర్లు ఇరవై శాతం కూడా పెరగకపోతే ఆ కండరం పక్షవాతానికి గురైనట్టేనని చూపించారు.

ఇక్కడ ఒక చిక్కుంది. రెండు మిల్లీమీటర్లలో 0.2 తప్పుకొలిస్తే పది శాతం తేడా వచ్చేసినట్టే. చెయ్యి తిరిగినవాడు కొలవాలి, మూడు నాలుగుసార్లు కొలిచి సగటు తీయాలి. మిషన్ ఖరీదు చూసి రిపోర్టును నమ్మేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకుంటే మంచిది.

నీళ్లు, పక్కటెముకలు

ఇక మెట్టకే సొంతమైన విషయానికి వద్దాం. 1937లో ఇండియన్ మెడికల్ గెజిట్‌లో నెల్లూరు జిల్లా పేరుతో ఒక వ్యాసం అచ్చయింది. రాసింది షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు. తాగే నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల మనుషుల ఎముకలు దెబ్బతింటున్నాయని మన దేశంలో తొలిసారి చెప్పిన వ్యాసంగా దాన్నే అందరూ పేర్కొంటారు. అప్పటి నెల్లూరు జిల్లా ఇప్పటికంటే పెద్దది. కనిగిరి, పొదిలి, దర్శి కూడా అందులోనివే. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అటు వెళ్లాయి. ఉదయగిరి, వరికుంటపాడు పల్లెలు నేటికీ ఫ్లోరైడ్ నీళ్ల బాధ పడుతున్నవే.

రాసిన ముగ్గురూ సామాన్యులు కారు. హెన్రీ షార్ట్ తర్వాత 1948లో గార్న్‌హమ్‌తో కలిసి, మలేరియా పరాన్నజీవి రక్తంలోకి రాకముందు కాలేయంలో దాగుంటుందని కనిపెట్టాడు. సి.జి. పండిట్ భారత వైద్య పరిశోధన మండలికి తొలి డైరెక్టరయ్యారు. రాఘవాచారి నీటి పరీక్షల్లో నిపుణుడు. మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ నుంచి వచ్చిన మనుషులు నెల్లూరు పల్లెల్లో నీళ్లు పట్టి, నడుములు చూసి రాసిన మాట అది.

మనుషుల కంటే ముందు ఈ జబ్బు ఎద్దుల్లో కనబడింది. 1930ల తొలినాళ్లలో ఇప్పటి ప్రకాశం వైపు రైతులు, కాడికి కట్టబోతే ఎద్దులు కీళ్లు బిగిసి కదలలేకపోవడం గమనించారు. అదే నీళ్లు తాగిన మనుషుల సంగతి తర్వాత కొన్నేళ్లకు బయటపడింది.

గారపళ్లు మనకు తెలుసు. వంగిన నడుములు తెలుసు. ఊపిరి సంగతి మాత్రం ఎవరూ పెద్దగా చెప్పరు. ఫ్లోరైడ్ ఎముకల్లో పేరుకుంటే, ఎముకలను కలిపే స్నాయువులు కూడా ఎముకలా గట్టిపడతాయి. వెన్ను కర్రలా బిగుస్తుంది. పక్కటెముకలు వెన్నుపూసతో కలిసే చిన్నచిన్న కీళ్లు కూడా బిగుస్తాయి. మామూలు మనిషి గుండెల నిండా పీల్చినప్పుడు పక్కటెముకలు పైకి, పక్కలకు తెరుచుకుంటాయి. ఛాతీ చుట్టూ టేపు పెట్టి కొలిస్తే నాలుగైదు సెంటీమీటర్లు పెరుగుతుంది. జబ్బు ముదిరినవారిలో ఆ టేపు కదలనే కదలదు. అప్పుడు ఊపిరి మొత్తం పొట్టతోనే నడవాలి, అంటే భారమంతా డయాఫ్రం మీద పడుతుంది. దానికి తోడు నడుము ముందుకు వంగిపోతే పొట్ట నలిగి, ఆ కండరానికి దిగే చోటు కూడా ఇరుకవుతుంది.

కూర్చుంటే బాగానే ఉండి, నాలుగడుగులు ఎగువకు నడిస్తే ఆయాసపడే పెద్దాయనను చూసి వయసు మీద పడిందనుకుంటాం. గుండె పరీక్ష బాగుందంటారు, ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయంటారు. పక్కటెముకలు ఎంత తెరుచుకున్నాయో టేపు చెబుతుంది. మిగిలిన సగం, డయాఫ్రం ఎంత దిగిందో చెప్పేది స్కాన్. ఫ్లోరైడ్ ఊళ్లలో వైద్య శిబిరం పెడితే పళ్లు, ఎముకలు, కిడ్నీలు చూస్తారు. టేపుకు రెండు నిమిషాలు, స్కాన్‌కు పదిహేను నిమిషాలు కలిపి ఊపిరికి కూడా ఒక గడి కేటాయించాలని నా అభిప్రాయం. ఇప్పటికే పట్టణంలో ఉన్న మిషన్లే చాలు, కొత్తవి కొననక్కర్లేదు.

ఈ ఫ్లోరైడ్ ఎక్కడిది అంటే, మళ్లీ రాయి దగ్గరికే రావాలి. గ్రానైటు జాతి రాళ్లలో ఫ్లోరైట్, అపటైట్, నల్ల అభ్రకం వంటి ఖనిజాలుంటాయి. బోరు ఎంత లోతుకు పోతే నీళ్లు ఆ రాళ్లతో అంత ఎక్కువకాలం కాపురం చేసి ఉంటాయి. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది హద్దు. ఆత్మకూరుకు పడమట పెన్న మీద సోమశిల జలాశయం ఉంది, 78 టీఎంసీల సామర్థ్యం. ఏటి నీళ్లలో ఫ్లోరైడ్ తక్కువ. అంత నీటికి ఇంత దగ్గరలో ఉండి, మెట్ట పల్లెలు బోరునీళ్లు తాగి నడుములు వంచుకోవడం బాధ కలిగించే విషయం. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్‌ను అడుగుకు దింపే చవకైన పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించింది. దానికి కూడా మన తెలుగు ఊరి పేరే పెట్టారు: నల్లగొండ పద్ధతి.

అభ్రకం దుమ్ము

గూడూరు, రాపూరు, ఆత్మకూరు, కావలి తాలూకాల మీదుగా సాగే అభ్రకం పట్టీ దేశంలో పేరున్నది. లేత ఆకుపచ్చ ఛాయ ఉన్న నెల్లూరు అభ్రకం విదేశాలకు వెళ్లి రేడియోల్లో, విద్యుత్ పరికరాల్లో కొలువుతీరింది. అభ్రకం కోసం తవ్వే రాతిలో పలుగురాయి కూడా కలిసే ఉంటుంది. దాన్ని తొలిచినప్పుడు లేచే సన్నటి సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లో మచ్చలు కట్టి వాటిని గట్టిపరుస్తుంది. అదే సిలికోసిస్. ఊపిరితిత్తి సాగనంటే డయాఫ్రం ఇంకా గట్టిగా లాగాలి. ఒకే పలుగురాయి ఒకచోట కండరాన్ని కొలిచే పరికరానికి మూలమై, ఇంకోచోట ఆ కండరాన్నే అలసట పెడుతోంది.

పొయ్యి పొగ, చుట్ట పొగ వల్ల ముదిరే ఉబ్బసం తరహా జబ్బులో సంగతి ఇంకో రకం. గాలి బయటికి పోక ఊపిరితిత్తులు ఉబ్బిపోయి, డయాఫ్రంను ముందే కిందికి నొక్కేస్తాయి. చదునైన కండరానికి ఇంకా దిగడానికి చోటు ఉండదు. స్కాన్‌లో కదలిక తక్కువగా కనబడుతుంది.

డొక్కలెగరేయడం

“డొక్కలెగరేస్తున్నాడు, ఆసుపత్రికి తీసుకుపోండి” అని పెద్దవాళ్లు చెప్పే మాటకు ఇప్పుడు స్కాన్ కొలత కూడా ఉంది. రొమ్ము ఎముక పక్కన, పక్కటెముకల సందుల్లోని చిన్న కండరాల మీద ప్రోబ్ పెడతారు. ఆరోగ్యంగా ఉన్నవారు తాపీగా ఊపిరి తీస్తున్నప్పుడు అవి పెద్దగా మందం కావు. డయాఫ్రం చేతులెత్తేసే స్థితికి వస్తే అవి సాయానికి దిగి బిగుసుకుంటాయి. ఐసీయూలో వెంటిలేటర్ తీయొచ్చా లేదా అని తేల్చుకోవడానికి దీన్ని కూడా చూస్తున్నారు.

ఇంట్లో చేసుకోదగ్గ పరీక్ష ఒకటుంది. వెల్లకిలా పడుకుని పొట్ట మీద చెయ్యి వేసుకోండి. ఊపిరి పీల్చినప్పుడు చెయ్యి పైకి లేవాలి. పీల్చినప్పుడే పొట్ట లోపలికి పోతుంటే, డాక్టరుకు తప్పకుండా చూపించుకోవాలి.

పని లేకపోతే కండ కరుగుతుంది

వెంటిలేటర్ మనిషి బదులు ఊపిరి తీస్తుంది, డయాఫ్రంకు సెలవు దొరుకుతుంది. ఆ సెలవు ఎంత చేటో 2008లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో లెవిన్ బృందం చూపించింది. బ్రెయిన్ డెడ్ అయిన 14 మంది అవయవదాతల డయాఫ్రం ముక్కలు పరీక్షిస్తే, 18 నుంచి 69 గంటల విశ్రాంతికే కండపోగులు సగానికి పైగా సన్నబడ్డాయి. చెయ్యి విరిగి కట్టు కట్టించుకున్నవాడి కండ సన్నబడడానికి వారాలు పడుతుంది. దీనికి మూడు రోజులు చాలు.

2015లో టొరంటోలో 107 మంది వెంటిలేటర్ రోగులకు రోజూ స్కాన్ తీస్తే, మొదటి వారంలోనే 44 శాతం మందిలో డయాఫ్రం మందం పది శాతానికి పైగా తగ్గింది. విచిత్రం ఏమంటే 12 శాతం మందిలో పెరిగింది, అదీ మంచి లక్షణం కాలేదు. మిషన్ మరీ ఎక్కువ సాయం చేసినా చేటే, మరీ తక్కువ చేసినా చేటే. ఉదయగిరి నుంచి నెల్లూరు పెద్దాసుపత్రులకు దాదాపు వంద కిలోమీటర్లు. అంతదూరం వెళ్లి ఐసీయూ బయట కూర్చున్న ఇంటివాళ్లు “మిషన్ ఎప్పుడు తీస్తారయ్యా” అని అడిగే ప్రశ్నకు, మంచం పక్కకే తెచ్చుకోగల ఈ స్కాన్ కొంతవరకైనా జవాబు వెతికిపెడుతోంది.

చేలో ప్రమాదాలు రెండు

కట్లపాము విషం నరానికీ కండరానికీ మధ్య కబురు తెంపేస్తుంది. మొదట కనురెప్పలు వాలతాయి, తర్వాత మింగుడుపడదు, చివరికి డయాఫ్రం ఆగుతుంది. కాటు దగ్గర వాపు, నొప్పి పెద్దగా ఉండకపోవడమే దీని మోసం. రాత్రి నేలమీద పడుకున్నవాడికి కుట్టిన సంగతే తెలియకపోవచ్చు. నాటువైద్యానికి పోయి గంటలు పోగొట్టుకుంటే ప్రాణాల మీదికి వస్తుంది.

ఇంకొకటి పురుగుమందు. ఆర్గానోఫాస్ఫరస్ మందు ఒంట్లోకి వెళ్లినవాడు తొలిరోజు గండం గడిచి, లేచి కూర్చుని మాట్లాడుతుండగా, ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య ఊపిరి కండరాలు చచ్చుబడొచ్చు. 1987లో శ్రీలంక డాక్టర్లు సేననాయకె, కరళ్లియెద్ద దీన్ని వర్ణించి లోకానికి చెప్పారు. దిండు మీంచి తల ఎత్తలేకపోవడం తొలి హెచ్చరిక. బాగున్నాడు కదా అని ఇంటికి తీసుకుపోదామని తొందరపడే బంధువులకు ఈ ఒక్క ముక్క తెలిసుండాలి.

ఒక్క ఊపిరి పాట

1990లో వచ్చిన తమిళ చిత్రం ‘కేళడి కణ్మణి’, తెలుగులో ‘ఓ పాపా లాలి’. అందులో ఊపిరి తీసుకునే సందే లేనట్టు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం పాడిన పాట నెల్లూరువాళ్లకు ఇప్పటికీ గర్వకారణం. పాట వదిలే ఊపిరి మీద నడుస్తుంది. అయితే నిండా పీల్చాక ఊపిరితిత్తులు తమంతట తామే ముడుచుకుపోవాలని చూస్తాయి, గాలి ఒక్కసారిగా బయటపడబోతుంది. గాయకుడి పీల్చే కండరాలు అప్పుడు కూడా బిగువు వదలకుండా పట్టి ఉంచుతాయి, గాలిని చెంచాడు చెంచాడుగా వదులుతాయి. గాలి తగ్గాక పొట్ట కండరాలు అందుకుని నెడతాయి. పీల్చే కండరం వదిలేటప్పుడు కూడా పనిచేయడమే సాధకం.

పుట్టకముందే ఊపిరి

ఎక్కిళ్లంటే డయాఫ్రం మన అనుమతి లేకుండా ఒక్క కుదుపు కుదపడం. ఎవరో తలుచుకుంటున్నారని మంచినీళ్లు ఇస్తాం. కడుపులో బిడ్డకూ ఎక్కిళ్లు వస్తాయి, తల్లికి లయగా తెలుస్తుంటాయి, స్కాన్‌లో కనిపిస్తాయి. తలుచుకునేవాళ్లు అప్పటికే ఇంటినిండా ఉంటారు మరి.

ఎక్కిళ్లే కాక, ఉమ్మనీటిలో ఉన్న బిడ్డ ఊపిరి తీసే కసరత్తు కూడా చేస్తుంది. 1971లో బాడీ, రాబిన్సన్ అనే ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు తల్లి పొట్ట బయటి నుంచే అల్ట్రాసౌండ్‌తో దాన్ని గుర్తించారు. 1980లో మానింగ్ బృందం బిడ్డ క్షేమానికి పది మార్కుల పరీక్ష పెట్టింది. అందులో రెండు మార్కులు ఊపిరికే: అరగంటలో కనీసం 30 సెకన్ల పాటు ఆగకుండా ఊపిరి కదలిక కనిపించాలి. ఆత్మకూరులో నెలలు నిండిన కోడలిని స్కాన్‌కు తీసుకెళ్లిన అత్తగారికి తెలియకపోవచ్చు గానీ, రిపోర్టులో ఆ పరీక్ష ఉంటే, ఊపిరి కండరం కొలత ఆ ఇంటికి అప్పుడే వచ్చేసినట్టు.

ఆ స్కాన్ సెంటర్ గోడమీద లింగనిర్ధారణ చేయబడదనే బోర్డు తప్పనిసరి. 1994 నాటి చట్టం ప్రకారం ప్రతి స్కాన్ మిషనూ రిజిస్టరై ఉండాలి. చేతిలో పట్టుకుని ఊరూరా తిప్పగల చిన్న మిషన్లు వచ్చినా, 2012 నుంచి వాటిని రిజిస్టరైన చోట ఇన్‌పేషెంట్లకో, సంచార వైద్యవాహనంలో భాగంగానో తప్ప వాడనివ్వరు. ఆడపిల్లల ప్రాణాల కోసం పెట్టిన నిబంధన, తీసేయమనడం తప్పు. మెట్ట పల్లెల్లో ఊపిరి కొలవాలంటే ఆ వాహనం దారే సరైనది.

బ్రెజిల్‌లో నెల్లూరు పక్కటెముకలు

ఆఖరుగా పశువుల ముచ్చట. మన ఒంగోలు జాతి బ్రెజిల్ చేరి అక్కడ ‘నెలోర్’ అయింది. ఒంగోలు 1904 దాకా నెల్లూరు జిల్లాలోదే కనుక ఆ పేరు న్యాయమే. 1878లో లెంగ్రూబర్ అనే బ్రెజిల్ ఆసామి జర్మనీలోని హాంబర్గ్ జంతుశాలలో ఈ జాతి పశువులను చూసి ముచ్చటపడి కొని తీసుకెళ్లాడు. నేడు ఆ దేశపు మాంసపు పశువుల్లో పెద్దవాటా ఆ వంశానిదే. అక్కడ మంచి కోడెను ఎంచుకోవడానికి దాని వీపు మీద అల్ట్రాసౌండ్ ప్రోబ్ పెడతారు. 12, 13 పక్కటెముకల మధ్య వీపుకండ ఎంత వెడల్పుందో, దానిమీద కొవ్వు ఎంత మందముందో బతికుండగానే కొలిచి రాసుకుంటారు. ఊపిరి కండరానికి దగ్గరలోనే జరిగే ఈ పరీక్ష అక్కడ పశుపోషణలో మామూలు పని.